ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు మాంటిస్సోరి పాఠాలు: ఏ ఆల్బమ్‌ను ఎంచుకోవాలి, ఎలా వాడాలి

మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు మాంటిస్సోరి పాఠాలు ఎలా చెప్పాలో వివరించే సమాచారం ఎక్కడ వెతికినా దొరుకుతుంది. పిల్లలు ఆరో ఏడు దాటి, గుణకారాలు, వ్యాకరణం, భూమి పుట్టుక, రాతి యుగపు మనుషుల దాకా వచ్చేసరికి పెద్దలకు ఇబ్బంది మొదలవుతుంది. ఈ వయసుకు తగిన పాఠాల వివరణను మాంటిస్సోరి వాడుకలో 'ఆల్బమ్' అంటారు. ఒక్కో ప్రెజెంటేషన్‌కు, అంటే పాఠాన్ని చేసి చూపడానికి, ఏ మెటీరియల్ (పిల్లలు చేత్తో పట్టుకుని నేర్చుకునే పూసలు, బిళ్లలు, కార్డుల వంటి వస్తువులు) కావాలి, దాన్ని ఏ వరుసలో చూపాలి, ఏ మాటలు చెప్పాలి, అంతకు ముందు బిడ్డకు ఏం వచ్చి ఉండాలి, ఆ తర్వాత ఏ పని ఇవ్వాలి అన్నవన్నీ రాసి ఉన్న పుటల కట్ట అది. గణితం, జ్యామితి, భాష, జీవశాస్త్రం, భూగోళం, చరిత్ర ఒక్కోదానికి ఒక్కో ఆల్బమ్ ఉంటుంది.

వీటిని సంపాదించుకోవడానికి మన ముందు ఐదు దారులున్నాయి. శిక్షణ తీసుకుని ఆల్బమ్‌ను స్వయంగా రాసుకోవచ్చు, తయారైన మాన్యువల్ కొనుక్కోవచ్చు, ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉన్నవాటిని దించుకోవచ్చు, ఈ పద్ధతిని రూపొందించిన మరియా మాంటిస్సోరి సొంత రచనల నుంచి నేర్చుకోవచ్చు, లేదా వీడియోలు చూసి చేయవచ్చు. ఇంట్లోనే చదువు చెప్పాలనుకున్న తల్లిదండ్రులు, కొత్తగా ఆరు–తొమ్మిదేళ్ల తరగతిలో చేరిన ఉపాధ్యాయులు, పాఠశాల కోసం ఒకేసారి అన్నీ కొనాలనుకునే నిర్వాహకులు ఈ ఐదింటి మధ్యా తరచుగా ఆగిపోతుంటారు. 'ఏ సెట్ మంచిది' అని అడగడం కన్నా 'ఏ విషయానికి ఏది మంచిది' అని అడగడం సరైన పద్ధతి అని నా అభిప్రాయం. గణితానికి పనికొచ్చే ఆల్బమ్ తెలుగు వ్యాకరణానికి ఏమాత్రం పనికిరాకపోవచ్చు, కథలు అద్భుతంగా రాసినవారు భాగహారాన్ని అరపేజీలో ముగించి ఉండవచ్చు.

ముందుగా చూడవలసిన అంశాలు

'మాంటిస్సోరి' అనే పేరును బట్టి నాణ్యతను అంచనా వేయలేము. ఆ పేరు ఏ ఒక్క సంస్థకూ చెందినది కాదని అమెరికాలో ట్రేడ్‌మార్క్ బోర్డు 1967లోనే తేల్చింది. మన ఊళ్లలో కూడా బోర్డు మీద ఆ పేరు పెట్టుకుని మామూలు పాఠ్యపుస్తకాలతో, మామూలు బెంచీలతో నడిచే బడులు ఎన్నో ఉన్నాయి. కాబట్టి మాన్యువల్ అట్ట మీది పేరును పక్కనపెట్టి లోపలి పుటలనే చూడాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది వివరణ సంపూర్ణంగా ఉండటం. చేతులు ఏం చేయాలో, నోరు ఏం చెప్పాలో రెండూ రాసి ఉండాలి. 'మెటీరియల్‌ను పరిచయం చేసి సాధన చేయించండి' అన్న వాక్యం ఎదురైతే ఆ పుట రాసినవారికి ఆ పాఠం చేతిలో లేదని అనుమానించవచ్చు. రెండవది, పాఠాల మధ్య సంబంధం చూపడం. ఈ వయసులో పాఠాలు ఒకదాని భుజం మీద మరొకటి నిలబడతాయి. చిన్న పూసల చట్రం (తీగల మీద పూసలు జరుపుతూ లెక్కలు చేసేది) తెలియకుండా పెద్దది లేదు, భిన్నాల వలయాలతో ఆడకుండా భిన్నాల భాగహారం లేదు. ముందు రావలసినదేమిటో, తర్వాత వచ్చేదేమిటో చెప్పని ఆల్బమ్‌ను కొత్తవారు వాడలేరు.

మూడవది వయసుకు తగిన తీరు. ఆరేళ్ల లోపు బిడ్డకు తక్కువ మాటలతో, నెమ్మదైన చేతి కదలికలతో చూపుతాం, అదే పనిని బిడ్డ పదేపదే చేస్తుంది. ఆరు దాటిన పిల్లలు 'ఎందుకు' అని అడుగుతారు, గుంపుగా పని చేయాలనుకుంటారు, ఊహలో లక్షల ఏళ్ల వెనక్కి వెళ్లగలుగుతారు, కానీ ఒకే పనిని అదే రూపంలో మళ్లీ చేయమంటే విసుక్కుంటారు. అందువల్ల మంచి ఎలిమెంటరీ ఆల్బమ్ ఒకే భావనను మూడు నాలుగు రూపాల్లో ఇస్తుంది. చిన్న పిల్లల పాఠాల నకలులా, 'ట్రే తీసుకురండి, చాప పరచండి' అనే వరుసతోనే పుటలన్నీ నిండి, ప్రశ్నలకూ కారణాలకూ చోటు లేకపోతే ఆ ఆల్బమ్ ఈ వయసు కోసం ఆలోచించి రాసినది కాదు.

శాస్త్ర విషయాల్లో తాజాదనం కూడా చూడాలి. ఇందుకు తేలికైన పరీక్ష ఒకటుంది. అంతర్జాతీయ ఖగోళ సంఘం 2006లో ప్లూటోను గ్రహాల జాబితా నుంచి తప్పించింది. సౌర కుటుంబపు పాఠంలో ఇంకా తొమ్మిది గ్రహాలుంటే మిగతా శాస్త్ర పుటలను కూడా సరిచూసుకోకుండా వాడకూడదు.

ఒక్క పాఠంతో పరీక్షించడం

ఏ మాన్యువల్‌నైనా మొత్తం చదవనవసరం లేదు. స్టాంప్ గేమ్‌తో రెండంకెల భాగహారం ఎలా చెప్పారో చూస్తే చాలా వరకు తెలిసిపోతుంది. స్టాంప్ గేమ్‌లో 1 అని రాసిన ఆకుపచ్చ బిళ్లలు, 10 అని రాసిన నీలం బిళ్లలు, 100 అని రాసిన ఎర్ర బిళ్లలు, 1000 అని రాసిన ఆకుపచ్చ బిళ్లలు ఉంటాయి. భాజకాన్ని సూచించడానికి స్కిటిల్స్ అనే చిన్న కొయ్య బొమ్మలు ఉంటాయి.

3,672ను 12తో భాగించాలనుకుందాం. బిడ్డ వేల బిళ్లలు మూడు, వందల బిళ్లలు ఆరు, పదుల బిళ్లలు ఏడు, ఒకట్ల బిళ్లలు రెండు తీసి పెట్టుకుంటుంది. 12లోని పదికి ఒక నీలం బొమ్మను, రెండు ఒకట్లకు రెండు ఆకుపచ్చ బొమ్మలను నిలబెడుతుంది. నీలం బొమ్మ పది మంది తరఫున నిలబడింది కనుక, ఒక్కో ఆకుపచ్చ బొమ్మకు వంద ఇస్తే నీలం బొమ్మకు వెయ్యి ఇవ్వాలి. అలా మూడు విడతలు పంచితే వేలూ వందలూ పూర్తవుతాయి. ఇప్పుడు ఆకుపచ్చ బొమ్మకు పది ఇవ్వాలంటే నీలం బొమ్మకు వంద ఇవ్వాలి. చేతిలో వందలు లేవు, కాబట్టి పదుల స్థానంలో సున్న రాసుకోవాలి. ఇక నీలం బొమ్మకు పది, ఆకుపచ్చ బొమ్మలకు ఒక్కొక్కటి. ఒక విడత పంచేసరికి ఒకట్లు అయిపోతాయి. అప్పుడు ఒక పదిని ఇచ్చి పది ఒకట్లు తెచ్చుకుంటే మరో ఐదు విడతలకు సరిగ్గా సరిపోతాయి. ఒక్క ఆకుపచ్చ బొమ్మ ముందు మూడు వందలు, ఆరు ఒకట్లు కనిపిస్తాయి. జవాబు 306, అంటే ఒక్క మనిషి వాటా.

మంచి ఆల్బమ్‌లో ఈ పాఠం దగ్గర మూడు సంగతులు తప్పక ఉంటాయి: నీలం బొమ్మకు పదింతలు ఎందుకు ఇవ్వాలో బిడ్డ నోటితోనే చెప్పించే ప్రశ్న, మధ్యలో సున్న వచ్చే లెక్కను ఎప్పుడు ఇవ్వాలో సూచన, చివరికి ఒక్క ఆకుపచ్చ బొమ్మ వాటానే జవాబుగా ఎందుకు తీసుకోవాలో వివరణ. 'బిళ్లలను సమానంగా పంచండి, మిగిలినది శేషం' అని రెండు వాక్యాల్లో ముగించిన మాన్యువల్ ఎంత రంగురంగులుగా ఉన్నా గణితానికి దాన్ని తీసుకోవద్దని చెప్తాను. కొనేముందు నమూనా పుటలు అడిగితే చాలామంది అమ్మకందారులు ఇస్తారు. ఇదే పాఠాన్ని అడగండి.

ఐదు దారులు

*శిక్షణలో రాసుకునే ఆల్బమ్.* మాంటిస్సోరి, ఆమె కుమారుడు మారియో కలిసి 1929లో స్థాపించిన అంతర్జాతీయ మాంటిస్సోరి సంఘం (ఏఎంఐ) కోర్సుల్లో ఆరు–పన్నెండేళ్లకు ఒకే డిప్లొమా ఉంటుంది. 1960లో అమెరికాలో ఏర్పడిన అమెరికన్ మాంటిస్సోరి సొసైటీ (ఏఎంఎస్)కి అనుబంధమైన కోర్సులు ఆరు–తొమ్మిది, తొమ్మిది–పన్నెండు అని విడిగానూ ఉంటాయి. ఏఎంఐ పద్ధతిలో శిక్షణార్థులు ఉపన్యాసాలు విని, ప్రతి ప్రెజెంటేషన్‌నూ తమ మాటల్లో రాసి, బొమ్మలు గీసి, దిద్దించుకుంటారు. ఆ రాత వల్లనే పాఠం ఒంటబడుతుంది. ఏడాది పూర్తికాలం లేదా కొన్ని వేసవులు కేటాయించాలి, ఫీజు కూడా గట్టిగానే ఉంటుంది. వీలున్నవారికి దీనికి సాటి వచ్చేది లేదు. మరొకరి శిక్షణ ఆల్బమ్‌ను పీడీఎఫ్‌గా సంపాదిస్తే మాత్రం అందులో సగం విషయం ఉండదు. అది రాసినవారికి ఉపన్యాసం గుర్తు చేసే చీటీ, వినని వారికి అసంపూర్ణ వాక్యాల వరుస. పైగా అది వారి కష్టార్జితం, అనుమతి లేకుండా చేతులు మారడం న్యాయం కాదు.

*కొనే మాన్యువళ్లు.* శిక్షణ లేనివారిని దృష్టిలో పెట్టుకుని రాస్తారు కనుక వివరణ సాధారణంగా విడమర్చి ఉంటుంది. ఫొటోలు, కార్డుల నమూనాలు, పాఠాల పట్టిక జతగా వస్తాయి. లోపాలు రెండు. ఆంగ్లంలో, ఎక్కువగా ఉత్తర అమెరికా పిల్లల కోసం రాసినవి కావడం ఒకటి. పాఠం తర్వాత స్వతంత్రమైన పని స్థానంలో వర్క్‌షీట్లు నింపడం రెండవది. మాన్యువల్‌లో వర్క్‌షీట్లు ఎంత ఎక్కువైతే పిల్లలు తామే ఎంచుకుని చేసే పని అంత తగ్గుతుంది.

*ఇంటర్నెట్‌లోని ఉచిత ఆల్బమ్‌లు.* కొందరు అనుభవజ్ఞులైన ఉపాధ్యాయులు తమ పుటలను ఉదారంగా పంచుకున్నారు, వాటిలో చాలా మంచివి ఉన్నాయి. చిక్కంతా కలగలుపుతనంలో ఉంది. ఒకచోట నుంచి గుణకారం, మరోచోట నుంచి భాగహారం తెచ్చుకుంటే వరుస చెడుతుంది, రంగుల నియమాలు కూడా కొన్నిసార్లు కలవవు. ఉచితమైనవి తీసుకునేవారు ఒక విషయానికి ఒకరి ఆల్బమ్‌ను మాత్రమే మొదటి నుంచి చివరి దాకా అనుసరించాలి.

*మాంటిస్సోరి సొంత రచనలు.* ప్రాథమిక పాఠశాల వయసు గురించి ఆమె 1916లో ఇటాలియన్‌లో ప్రచురించిన గ్రంథానికి 1917లో వచ్చిన ఆంగ్లానువాదాన్ని ఇప్పుడు ఉచితంగా చదువుకోవచ్చు. అంకగణితం మీద, జ్యామితి మీద ఆమె రాసిన పుస్తకాలు 1934లో బార్సిలోనాలో స్పానిష్‌లో వెలువడ్డాయి. ఇవి పాఠాల జాబితాలు కావు. రేపు ఉదయం ఏం చెప్పాలో వీటిలో దొరకదు. అయితే ఫలానా మెటీరియల్ అలాగే ఎందుకు ఉందో తెలియాలంటే వీటిని మించిన ఆధారం లేదు. ముఖ్యంగా జ్యామితి ఆల్బమ్ యాంత్రికంగా అనిపించిన ఉపాధ్యాయులు ఇటు రావాలి.

*వీడియోలు.* గుణకారానికి వాడే రంగు గళ్ల చెకర్ బోర్డు మీద పూసలను ఐమూలగా కిందికి జార్చడం వంటి చేతి కదలికలను వెయ్యి మాటల్లో రాసినా ఒక్క నిమిషం వీడియోతో సమానం కాదు. అంతవరకే వీటి ఉపయోగం.

| దారి | వివరణ సంపూర్ణత | పాఠాల వరుస | ఖర్చు, కాలం | తెలుగు పిల్లలకు మార్పులు |
|---|---|---|---|---|
| శిక్షణ ఆల్బమ్ | రాసుకున్నవారికి పూర్తిగా | చక్కగా ఉంటుంది | రెండూ ఎక్కువ | భాషకు చాలా, మిగతావాటికి కొంత |
| కొనే మాన్యువల్ | ఎక్కువ | ఉంటుంది, కొన్నిసార్లు తరగతుల వారీగా కుదించి | డబ్బు ఎక్కువ, కాలం తక్కువ | భాషకు చాలా, ప్రకృతి పాఠాలకు చాలా |
| ఉచిత ఆల్బమ్ | రచయితను బట్టి | ఒకరిదే వాడితే ఉంటుంది | డబ్బు లేదు, వెతుకులాటకు కాలం | పై విధంగానే |
| మాంటిస్సోరి రచనలు | కారణాలు ఉంటాయి, విధానం పాక్షికం | మనమే వెతుక్కోవాలి | డబ్బు తక్కువ, చదవడానికి కాలం ఎక్కువ | భావన తీసుకుని మనమే రాసుకోవాలి |
| వీడియోలు | చేతి పని మాత్రమే | ఉండదు | తక్కువ | గణితానికి దాదాపు అవసరం లేదు |

లక్షలూ కోట్లూ: గణిత ఆల్బమ్‌లో సరిచేయవలసిన ఒకే ఒక చోటు

గణితం, జ్యామితి పాఠాలు ఏ దేశంలో రాసినా మనకు దాదాపు యథాతథంగా పనికొస్తాయి. ఒక్క చోట మాత్రం ఆగి ఆలోచించాలి. మాంటిస్సోరి గణిత మెటీరియల్‌లో ఆకుపచ్చ, నీలం, ఎరుపు రంగులు మూడేసి స్థానాలకు ఒకసారి తిరిగి వస్తాయి. ఒకటి, వెయ్యి, పది లక్షలు ఆకుపచ్చ. పది, పదివేలు నీలం. వంద, లక్ష ఎరుపు. ఇది మూడేసి అంకెలకు కామా పెట్టే పాశ్చాత్య పద్ధతికి అతికినట్టు సరిపోతుంది. మన లెక్కలో వెయ్యి దాటాక రెండేసి స్థానాలకు కామా వస్తుంది. మన బడి పుస్తకంలో 10,00,000 అని ఉన్న సంఖ్య ఆల్బమ్‌లో 1,000,000 అని ఉంటుంది. లక్ష మన దగ్గర కొత్త వరుసకు మొదటి మెట్టు అయితే, ఆ మెటీరియల్‌లో వేల వరుసకు చివరి మెట్టు.

కొందరు ఉపాధ్యాయులు లక్షకు వేరే రంగు వేయాలని చూస్తారు. అలా చేయవద్దని నా సలహా. అవే రంగులు పెద్ద పూసల చట్రంలో, చెకర్ బోర్డులో, పెద్ద భాగహారాలకు వాడే పూసల గొట్టాల్లో కూడా ఉంటాయి. ఒకచోట మారిస్తే మిగతా చోట్ల బిడ్డ తడబడుతుంది. రంగులను అలాగే ఉంచి, ఏడు తీగల పెద్ద చట్రం మీద పది లక్షల దాకా చదవడం వచ్చాక, ఒకే సంఖ్యను కాగితపు పట్టీ మీద రాసి కామాలను విడి ముక్కలుగా కత్తిరించి రెండు పద్ధతుల్లోనూ అమర్చమనండి. స్థానాల విలువలు మారలేదని, గుంపులు చేసే తీరే మారిందని పిల్లలు తామే పట్టుకుంటారు. మనుషులు లెక్కించడం ఎలా నేర్చుకున్నారో చెప్పే సంఖ్యల కథ నడిచే రోజుల్లోనే ఈ పని ఇస్తే, ఒక్కో జాతి ఒక్కోలా లెక్కించిందన్న మాటకు ఇది చేతికందే ఉదాహరణ అవుతుంది. ఆంగ్ల పాఠాల్లో 'బిలియన్' అని వచ్చిన ప్రతిచోటా వంద కోట్లు అని ముందే మార్చి రాసుకోవాలి. భూమి వయసు సుమారు 454 కోట్ల ఏళ్లు, విశ్వం వయసు సుమారు 1,380 కోట్ల ఏళ్లు అని చెప్తే మన పిల్లలకు పోలిక తేలిగ్గా అందుతుంది.

భాష: కొనకూడని ఆల్బమ్

తెలుగు నేర్పడానికి ఆంగ్ల భాషా ఆల్బమ్ కొనడం వృథా. ఇది కొంచెం విడమర్చి చెప్పవలసిన సంగతి.

ఆంగ్ల ఆల్బమ్‌లోని వ్యాకరణపు పెట్టెల (ఒక్కో భాషాభాగానికి పదాల కార్డులుండే పెట్టెల) వరుస నామవాచకంతో పాటు ఆర్టికల్‌తో మొదలవుతుంది. తెలుగులో ఆర్టికల్ లేదు. ఐదో పెట్టె ప్రిపొజిషన్లది. తెలుగులో ఆ పని నామవాచకం వెనక వచ్చే విభక్తులది, 'లోపల', 'కింద', 'మీద' వంటి మాటలది. నామవాచకానికి నల్ల త్రిభుజం, విశేషణానికి నీలం త్రిభుజం, క్రియకు ఎర్ర వృత్తం అన్న గుర్తులు మనకూ నప్పుతాయి. ప్రిపొజిషన్‌కు వాడే ఆకుపచ్చ నెలవంకను విభక్తికి వాడవచ్చు, కానీ 'సీతకు' అన్న మాటలో విభక్తి విడి పదం కాదు. కార్డును 'సీత' దగ్గర కత్తిరించి 'కు'ను వేరే ముక్కగా చూపితేనే బిడ్డకు అది కనిపిస్తుంది.

పదాల స్థానాలు మార్చే ఆట చూడండి. ఆంగ్లంలో కర్తనూ కర్మనూ తారుమారు చేస్తే అర్థం తలకిందులవుతుంది, పిల్లలు నవ్వుతారు, పదక్రమం విలువ తెలుస్తుంది. తెలుగులో 'రాముడు సీతకు పండు ఇచ్చాడు' అన్న వాక్యపు ముక్కల స్థానాలు మార్చి చూడండి. 'సీతకు రాముడు పండు ఇచ్చాడు' అన్నా, 'పండు సీతకు రాముడు ఇచ్చాడు' అన్నా ఇచ్చినవాడు రాముడే, పుచ్చుకున్నది సీతే. ఇప్పుడు 'కు'ను సీత దగ్గర నుంచి తీసి రాముడి పక్కన పెట్టి, 'రాముడికి సీత పండు' దాకా అమర్చండి. క్రియ 'ఇచ్చాడు' దగ్గర బిడ్డ ఆగిపోతుంది, 'ఇచ్చింది' అని మార్చాలంటుంది. విభక్తి బలం, క్రియకు కర్తతో ఉన్న పొత్తు రెండూ ఒక్క ఆటలో బయటపడతాయి. ఇంత మంచి పాఠం ఆంగ్ల ఆల్బమ్‌లో ఉండే అవకాశమే లేదు, ఎందుకంటే ఆ భాషకు దాని అవసరం లేదు.

వాక్య విశ్లేషణలో మరో చిక్కు ఉంది. ఆల్బమ్ ప్రకారం ఎర్ర వృత్తంలో క్రియను పెట్టి, దాని నుంచి బాణాలతో 'ఎవరు?', 'ఏమిటి?', 'ఎవరికి?' అని వెళ్లాలి. 'ఆయన ఉపాధ్యాయుడు', 'ఇది మా ఊరు' వంటి తెలుగు వాక్యాల్లో క్రియే ఉండదు. పిల్లలు ఇలాంటి వాక్యాలను రోజూ మాట్లాడతారు కనుక మొదటి వారంలోనే అడుగుతారు. వీటిని క్రియాసహిత వాక్యాలు బాగా వచ్చాక విడిగా, ఎర్ర వృత్తం స్థానం ఖాళీగా ఉంచి చూపడం మంచిదని నా అభిప్రాయం.

అందుచేత భాషకు చేయవలసింది ఇది. ఆంగ్ల ఆల్బమ్ నుంచి పద్ధతిని మాత్రమే తీసుకోవాలి: పని చేయించి పదం స్వభావం గ్రహింపజేయడం, ఆ తర్వాత గుర్తు పెట్టడం, చివర్లో పేరు చెప్పడం. ఉదాహరణలనూ వరుసనూ తెలుగు వ్యాకరణాన్ని దగ్గర పెట్టుకుని స్వయంగా రాసుకోవాలి. ప్రవాసంలో ఉండి పిల్లలకు ఆంగ్లం బడిలోనూ తెలుగు ఇంట్లోనూ నేర్పేవారు రెండు ఆల్బమ్‌లను విడివిడిగా ఉంచుకోవాలి. ఒకదానిలోని పాఠానికి రెండోదానిలో జోడు వెతకనవసరం లేదు.

కథలు, ప్రకృతి, చరిత్ర

మాంటిస్సోరి 1939లో మద్రాసుకు వచ్చి అడయార్‌లో తొలి కోర్సు నడిపారు. యుద్ధకాలంలో 1942 నుంచి 1944 దాకా కొడైకెనాల్‌లో ఉన్నారు. ఎలిమెంటరీ పాఠాలన్నిటికీ వెన్నెముక అయిన విశ్వ విద్యా ప్రణాళిక (అన్ని విషయాలనూ విశ్వం కథతో ముడిపెట్టి చెప్పే పద్ధతి) అక్కడే, అక్కడి పిల్లల మధ్యనే పూర్తి రూపు దిద్దుకుంది. దాని మీద ఆమె ప్రసంగాల పుస్తకం 1948లో అడయార్ నుంచి వెలువడింది. దక్షిణాది కొండల మీద రూపుదిద్దుకున్న ఈ పాఠాలు ఇవాళ మనకు మంచు కురిసే దేశపు ఉదాహరణలతో తిరిగి వస్తున్నాయి. వాటిని మళ్లీ ఇక్కడి చెట్టూచేమలతో నింపుకోవడం మనం చేయదగిన పని. ఆకుల ఆకృతులకు రావి, వేప, మామిడి, తామర ఆకులు చాలు. నాలుగు కాలాల పటం పక్కన ఆరు ఋతువుల పటం కూడా ఉండాలి.

ఈ వయసు పాఠాలకు నాందిగా చెప్పే ఐదు మహాకథల్లో మొదటిది, విశ్వం పుట్టుక కథ, మూలంలో దేవుణ్ణి ప్రస్తావిస్తూ సాగుతుంది. కొన్ని ఆల్బమ్‌లు ఆ మాటను అలాగే ఉంచాయి, కొన్ని తీసేసి ప్రకృతి నియమాల గురించి మాత్రమే చెప్పాయి. వేర్వేరు మతాల పిల్లలు కూర్చునే తరగతిలో రెండవ రూపం మేలు. ఇంట్లో ఏది చెప్పాలో కుటుంబం ఇష్టం. ఏది ఎంచుకున్నా కథను పుస్తకం చూసి చదవకూడదు. కథ పక్కన చేసి చూపే ప్రయోగాలన్నిటినీ ఒకసారి ముందుగా చేసి చూసుకోవాలి, ముఖ్యంగా నిప్పుతో పనున్నవాటిని.

ఎవరికి ఏది

మూడు–ఆరేళ్ల డిప్లొమా ఉండి పై తరగతికి మారుతున్న ఉపాధ్యాయులకు మెటీరియల్ పట్టుకోవడం వచ్చు, ఎలిమెంటరీ వరుస తెలియదు. వీరు వీలైనంత త్వరగా శిక్షణ తీసుకోవాలి. ఆలోపు ఒక మంచి కొన్న గణిత మాన్యువల్, మాంటిస్సోరి రచనలు చదువుతూ ఉండటం సరిపోతుంది. వీరు జాగ్రత్త పడవలసింది పాత అలవాటు విషయంలో: ఆరు దాటిన పిల్లలతో మౌనంగా చూపే పద్ధతి నడవదు.

శిక్షణ ఏమీ లేకుండా ఇంట్లో ఒకరిద్దరు పిల్లలకు చెప్పే తల్లిదండ్రులు అన్ని విషయాలకూ కలిపి అమ్మే పెద్ద సెట్ కొనవద్దు. గణితం, జ్యామితికి మాత్రం మాన్యువల్ కొనండి. ప్రకృతి, భూగోళానికి ఉచిత ఆల్బమ్ ఒకటి ఎంచుకోండి. మెటీరియల్ మొత్తం కొనలేకపోయినా స్టాంప్ గేమ్ బిళ్లలు, భిన్నాల వలయాలు, చెకర్ బోర్డు గుడ్డ ఇంట్లో అట్టముక్కలతో చేసుకోవచ్చు. పూసల గొలుసులు, ఘనాలు మాత్రం చేతికి బరువు తెలిసేలా అసలువే ఉంటే మంచిది. ఇంటి చదువులో ఒకే ఒక్క బిడ్డ ఉంటే, ఆల్బమ్‌లో గుంపు కోసం రాసిన పాఠాలకు వారానికి ఒకరోజైనా ఇరుగుపొరుగు పిల్లలను పిలవాలి.

పాఠశాల నిర్వాహకులు డబ్బును పుటల మీద కన్నా మనుషుల మీద పెట్టాలి. ఇద్దరు ఉపాధ్యాయులను శిక్షణకు పంపితే వారు తెచ్చే ఆల్బమ్‌లు, వాటి వెనక అనుభవం బడికి మిగులుతాయి. బోర్డు పరీక్షలకూ తరగతుల సిలబస్‌కూ లోబడక తప్పని బడుల్లో ఆల్బమ్ పాఠాల పక్కన మూడో తరగతి, ఐదో తరగతి పాఠ్యాంశాలను గుర్తు పెట్టిన ఒక పట్టికను ఉపాధ్యాయులే తయారు చేసుకోవాలి. గణితంలో మాంటిస్సోరి వరుస చాలా చోట్ల సిలబస్ కన్నా ముందే ఉంటుందని, సాంఘిక శాస్త్రంలో రాష్ట్ర చరిత్ర వంటివి విడిగా చేర్చుకోవాలని ఆ పట్టికలో స్పష్టమవుతుంది. తల్లిదండ్రుల ప్రశ్నలకు కూడా అది జవాబు చెప్తుంది.

వాడే పద్ధతి

ఆల్బమ్ పెద్దల కోసం, అది పిల్లల ముందుకు రాకూడదు. ముందురోజు సాయంత్రం పాఠం చదివి, పుస్తకం మూసి, మెటీరియల్‌తో మొత్తం ఒకసారి చేసి చూడాలి. ఎక్కడ చేయి ఆగిందో అక్కడే పుటను మళ్లీ తెరవాలి. ఇప్పటికీ గుర్తుండని ఒకటి రెండు మాటలను చిన్న చీటీ మీద రాసి జేబులో పెట్టుకోవచ్చు. పాఠానికి ముగ్గురు నుంచి ఐదుగురు పిల్లలను, ఆ విషయానికి సిద్ధంగా ఉన్నవారినే పిలవాలి. సిద్ధంగా ఉన్నారో లేదో ఆల్బమ్‌లోని వయసు అంకె చెప్పదు. ముందరి పాఠపు పనిని వారు ఎవరూ చెప్పకుండా చేస్తున్నారా అన్నదే గుర్తు. పాఠం ఇరవై నిమిషాలకు మించనక్కరలేదు, తర్వాతి పని మాత్రం గంటలు, రోజులు సాగవచ్చు. ఆ పనిలో వారు తమకు తామే పెద్ద లెక్కలు వేసుకోవడం, పటాలు గీయడం మొదలుపెడితే పాఠం అందినట్టే. ఎవరూ ఏ పనీ ఎత్తుకోకపోతే అదే పుటను మళ్లీ చెప్పకుండా అదే భావనను మరో మెటీరియల్‌తో చూపాలి.

పిల్లలు అడిగిన ప్రశ్నలను, తడబడిన చోట్లను, తెలుగులో బాగా కుదిరిన మాటలను ఆ రోజే పుట అంచున తేదీతో సహా రాసుకోవాలి. కొన్న మాన్యువల్ అయినా సరే, మధ్యలో తెల్ల కాగితాలు చేర్చి బైండు చేయించుకుంటే రాసుకోవడానికి చోటు ఉంటుంది. వచ్చే ఏడాది అదే పాఠానికి కూర్చున్నప్పుడు అచ్చు పుట కన్నా ముందు ఆ తెల్ల కాగితాన్నే చదవాలి.